ర్యామ్ స్టిక్కరు: టీకా తాత్పర్యసహితము

అవతారిక: జనులు సీపీయూ అని వ్యవహరించు డబ్బాలో, మదర్‌బోర్డుపై నిలువుగా గుచ్చిన ర్యామ్‌కు ఒక స్టిక్కరు అంటియుండును. తయారీదారు అందు రచించిన ఏకపాద కావ్యమిది. కొన్నవారు దీనిని చదువరు, చదివినవారు కొట్లాడుకొందురు.

మూలము: డీడీఆర్4 3200 సీఎల్ 16–18–18–38 1.35వో.

ప్రతిపదార్థము: డీడీఆర్4 = జోడువేగపు మెమరీలలో నాలుగవ తరము; 3200 = సెకనుకు 320 కోట్ల బదిలీలు; సీఎల్ 16 = తెరచిన వరుసలో ఫలానా గడి చదువుమనిన పిదప సమాచారము వెలువడుటకు పట్టు గడియారపు టిక్కులు; 18 = వరుసను తెరచుటకు పట్టునవి; 18 = ఆ వరుసను మూసి మరొకదానికి సిద్ధమగుటకు పట్టునవి; 38 = తెరచిన వరుసను ఎంత తొందరయున్నను మూయరాని గడువు; 1.35వో. = ఇంత వేగమునకు చెల్లించు దక్షిణ.

అన్వయము: పద్యక్రమము వేరు, కార్యక్రమము వేరు. పాత దస్త్రము కట్టనిదే కొత్తది విప్పని కచేరీ గుమాస్తా వంటిది ర్యామ్. అడిగినది వేరొక వరుసలో ఉన్నచో, తెరచియున్నదానిని ముందు మూయును (మూడవ అంకె). కావలసినదానిని తెరచును (రెండవది). ఆపై చదువును (మొదటిది). కావున వెనుకనుండి ముందుకు అన్వయించుకొనవలెను. మొత్తము 52 టిక్కులు. టిక్కు 0.625 నానోసెకను గనుక 32.5 నానోసెకన్లు.

అలంకారము: 18 రెండుమార్లు వచ్చుట పునరుక్తి దోషమని కొందరు. అసంగతము. శబ్దమొకటే అయినను అర్థము వేరు, కావున యమకము. ఇక 3200 మెగాహెర్ట్జ్ అని అంగళ్లవారు పలుకునది శుద్ధ అతిశయోక్తి. గడియారము నడచునది 1600 వద్దనే; టిక్కుకు రెండు బదిలీలు జరుగును.

పాఠాంతరము: మదర్‌బోర్డు స్టిక్కరును చదువదు. జెడెక్ సంఘము స్థిరపరచిన నిదానపు పాఠమునే గ్రహించును. 3200కు అది 22–22–22, 1.2వో. పెక్కు స్టిక్కులు 2400, 2666 వద్దనే ఆగిపోవును. కవిహృదయము కావలెనన్న బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పి ఆన్ చేయవలెను. కొన్ని ఏఎమ్‌డీ బోర్డులలో దీనికి డీఓసీపీ అని నామాంతరము. 3200కు డబ్బు పోసి ఏండ్ల తరబడి 2400తో కాలక్షేపము చేయు గృహస్థులు కలరు; వారికి సాధారణముగా తేడా కూడ తెలియదు, అది వేరు సంగతి.

విశేషము: సీఎల్ 16 మేలా, 18 మేలా అని పండితులు జుట్లు పట్టుకొందురు. 3200పై 16 అనగా 10 నానోసెకన్లు. 3600పై 18 అన్నను పదే. డీడీఆర్5 6000పై 30 అన్నను పదే! టిక్కు పొడవు చూడక టిక్కులు లెక్కించుటచే వచ్చిన కలహమిది.

తాత్పర్యము: ఎక్స్‌ఎమ్‌పి ఆన్ చేసి, సేవ్ కొట్టి, ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 పారాయణము చేయించుము. ఒక్క తప్పు రాకున్న చాలును. 16ను 14కు బిగింతునను సాహసికి దక్కు లాభము ఒకటింబావు నానోసెకను. వికటించెనా, ఫ్యాన్లు తిరుగును, స్క్రీను వెలుగదు. ప్రాయశ్చిత్తము: ప్లగ్గు పీకి, బోర్డుపైనున్న సీఆర్2032 బటన్ సెల్లు ఊడదీసి, కొన్ని నిమిషములాగి మరల పెట్టవలెను. కంప్యూటరు తేదీని కూడ మరచును. దానిని సరిచేయనిచో బ్యాంకు సైటు తెరచుకొనకపోవచ్చును.