మెరకా పల్లమూ తెలియకుండా

మా రోజుల్లో దివిసీమలో ఇల్లు కట్టాలంటే ఒక వానాకాలం గడిచేదాకా ఆగేవాళ్లం. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూసుకున్నాకే ముగ్గు పోసేది. ఇప్పుడేమో పల్లంలో నాలుగు లారీల మట్టి తోలించి మెరకైపోయిందంటున్నారు. ఆ నీళ్లు పక్కవాడి వాకిట్లోకి పోతాయన్న ధ్యాసే లేదు.

ఈ నేలంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. పులిగడ్డ దగ్గర నది చీలిన చోటినుంచి హంసలదీవి దాకా గుట్టన్నది కనపడదు. మూరెడు ఎత్తు తేడాతో ఒక చేను పండుతుంది, పక్కది చవుడు తేలుతుంది. ఒండ్రునేల తన బరువుకు తనే కుంగుతుంది. వరద కొత్తమట్టి పరిచి ఆ లోటు పూడ్చేది. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక ఆ మట్టిలో చాలావరకు పైనే ఆగిపోతోంది. ప్రాజెక్టులు వద్దని నేననను, వాటి నీళ్లతోనే పిల్లల్ని పెంచుకున్నాం. మరి మట్టి సంగతి ఎవరు పట్టించుకున్నారు? సముద్రం ఒడ్డును కోసేస్తోందంటే కోయదా!

మా అమ్మ మంచినీళ్లు ఇసుకలో దొరువునుంచి తెచ్చేది. కాస్త తవ్వితే చాలు, అంచుల్లోంచి తేటగా ఊరేవి. ముంతతో మెల్లగా తోడి, గుడ్డ కట్టిన బిందెలో పోసేది. వాననీరు తేలిక, ఇసుకలో ఇంకి ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. అందుకే లోతుకు తవ్వితే పెద్దవాళ్లు కొట్టినంత పని చేసేవారు. ఇప్పుడు ఇసుకదిబ్బలు లారీలెక్కాయి, బోర్లు పాతాళానికి దిగాయి. మంచినీళ్లు డబ్బాల్లో కొనుక్కుంటున్నాం.

1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అది చూసినవాళ్లం ఇంకా బతికే ఉన్నాం. అయినా మా కళ్లముందే అల జోరును ఆపే మడచెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వారు.

మురుగు కాలవ మాట చెబితే కడుపు రగిలిపోతుంది. పోటప్పుడు సముద్రం కాలవలోకి ఎగదన్నుతుంది, ఆటప్పుడే మురుగు దిగాలి. ఆ కాసేపట్లో దిగాలంటే దారి బార్లా తెరిచి ఉండాలి. అప్పట్లో ఊరంతా పలుగూ పారా పట్టి దిగేవాళ్లం. ఇప్పుడు కాలవనిండా తూటికాడ, గుర్రపుడెక్క. చెరువు గట్లు కాలవలోకి జరిపినవాళ్లు తుపాన్ల కాలం రాకముందే వాటిని వెనక్కి తియ్యాలి. తియ్యకపోతే పంచాయతీ వాళ్లు దగ్గరుండి తీయించాలి.