విజయనగరం వేసిన రాయి

నేను విక్టోరియా పబ్లిక్ హాలుని. చెన్నై సెంట్రల్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో, రిప్పన్ బిల్డింగు పక్కన ఉంటాను. ఎర్ర ఇటుకల ఒళ్లు, చతురస్రపు బురుజు, దాని నెత్తిన తిరువాన్కూరు తీరు కప్పు. చూసినవాళ్లు నన్ను అరవదేశపు కట్టడమంటారు. నిజమే. కానీ 1883 డిసెంబరు 17న నాకు శంకుస్థాపన చేసినవారు విజయనగరం ప్రభువు పూసపాటి ఆనందగజపతి.

రాయి పడ్డాక నేను పైకి లేవడానికి ఏళ్లు పట్టింది. 1886లో పీపుల్స్ పార్కులో మూడెకరాల పైచిలుకు నేల 99 ఏళ్ల కౌలుకి దొరికింది. చిషోమ్ దొర నమూనా గీస్తే నంపెరుమాళ్ చెట్టిగారు కట్టారు. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన కాలం కాబట్టి ఆమె పేరు పెట్టారు.

నాకు ప్రాణం వచ్చింది మాత్రం 1891లో. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను వెంటబెట్టుకుని వచ్చి తెలుగు నాటకాలాడారు. ఆయన వకీలు. చదువుకున్న పెద్దమనుషులు ముఖాలకు రంగు పూసుకోవడం తలవంపులనుకునే రోజులవి. ప్రేక్షకుల్లో పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రాడొకడు కూర్చున్నాడు. అప్పటిదాకా నాటకమంటే చిన్నచూపున్నవాడు, ఆ ఆట చూసి మారిపోయాడు. ఆయనే పమ్మల్ సంబంధ మొదలియార్. ఆ జూలై 1న మిత్రులతో కలిసి సుగుణవిలాస సభ స్థాపించారు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ సభకు నేనే ఇల్లు. ఆధునిక తమిళ నాటకానికి దారి వేసిన ఆ సభ వెనక తెలుగు నాటకం ఉందని ఎవరికైనా చెప్పాలని నాకెప్పుడూ ఆత్రమే.

మరుసటి ఏడాది ఆగస్టులో నా శంకుస్థాపకుడి ఊళ్లోనే పెద్ద పని జరిగింది. విజయనగరంలో జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం తొలిసారి ఆడారు. దాని వెనక ఆనందగజపతి తయారు చేయించిన ఒక పట్టిక ఉంది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్కకు అందినవే 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. వధువు తండ్రో, పెళ్లితో సంబంధమున్న ఇంకొకరో సంతకం పెడితేనే పట్టికకెక్కించారు. ఆ అంకెలు తలచుకుంటే నాకిప్పటికీ ఇటుకలు బిగుసుకుంటాయి. అంత ఘోరం మీద జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి, ఆ నవ్వులోనే సిగ్గుపడేలా చేశారు గురజాడ. 1897లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ప్రభువుకే అంకితమిచ్చారు. ఆ ఏడే ప్రభువు కన్నుమూశారు.

అదే 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి నా వేదిక మీద ప్రసంగించారు. ఆ శతాబ్దం ముగిసేలోపే నా గోడల మధ్య కదిలే బొమ్మలు ఆడాయి. 1916లో త్యాగరాయ చెట్టిగారు, నాయర్‌గారు ఇక్కడే సమావేశమై తరువాతి జస్టిస్ పార్టీకి నాంది పలికారు. ఆ తర్వాత నాటకం తగ్గి, సినిమా హాళ్లు పెరిగి, నా తలుపులకి తాళాలు పడ్డాయి. నాటకం లేని నాటకశాల బతుకు గురించి ఎక్కువ చెప్పుకోను. 2023లో నగర పాలక సంస్థ నా మరమ్మతు మొదలుపెట్టింది.

హౌరా రైళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా వచ్చి నా పక్కనే ఆగుతాయి. మూటలతో దిగే కూలీల్లో ఆ జిల్లాలవాళ్లు ఎంతోమంది. ఈ మహానగరపు మేడలు వాళ్ల చేతుల మీద లేస్తున్నాయి. 2014 జూన్‌లో మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తులు కూలి 61 మంది పోయారు. వారిలో ఆ జిల్లాలవారు చాలామంది. ఒక కట్టడంగా ఆ రోజు నేను పడ్డ బాధ నాకు తెలుసు.

అందుకే వాళ్లను పిలుస్తున్నాను. బాబూ, రిప్పన్ బిల్డింగు పక్కన నిలబడి చూడండి, నా పునాదిలో మీ ఊరి పేరుంది. నా వేదిక మీద కన్యాశుల్కం తెర లేపాలి. కత్తిరింపులు లేకుండా, పూర్తిగా, మీ యాసలోనే ఆడాలి. ముందు వరస మీకోసం ఉంచమంటాను.