అన్నవైరాగ్యము

అన్నమును పరబ్రహ్మమని కన్నుల కద్దుకొని, మెతుకు నేల రాలినచో అపరాధముగా నెంచి, పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు అను అయిదు ఉపచారములతో దానిని పూటపూటకు అర్చించుచు వచ్చిన మన తెలుగుజాతికి, ఈ నడుమ హఠాత్తుగా అన్నవైరాగ్యము పట్టుకొన్నది. కిలో 2 రూపాయలకు బియ్యమిత్తునన్న వానికి 1983లో పట్టముగట్టిన ప్రజలమే నేడు బియ్యము పేరు వినినంతనే ఉలికిపడుచున్నాము. ప్రాతఃకాలపు నడకలో ఎదురుపడిన పెద్దమనుష్యులు "పిల్లలు కులాసాయేనా అండీ?" అని అడుగుట మాని, "మీ హెచ్‌బీఏ వన్‌సీ ఎంతండీ?" అని రక్తములోని చక్కెర లెక్క అడుగుచున్నారు. ఏడుకు లోపు చెప్పగలిగినవాడు, మునుపు కొడుకునకు అమెరికా ఉద్యోగము వచ్చిన తండ్రివలె, ఛాతీ విరుచుకొని నడచుచున్నాడు.

ఇది నూతన దర్శనమని భ్రమించువారి కొక్క మాట. 1863లోనే లండనులో విలియం బాంటింగు అను స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప విసర్జించి, బరువు తగ్గి, ఆ వృత్తాంతమును లోకోపకారార్థము చిన్న పుస్తకముగా అచ్చొత్తించెను. వినికిడి మందగించి ఆయన చెవి వైద్యుని కడకు పోగా, ఆ వైద్యుడు చెవిని విడిచి కంచమునకు చికిత్స చేసెను. అన్నిటికంటె మెచ్చదగిన దేమన, బాంటింగు గారి వృత్తి శవసంస్కారములు జరిపించుట. తన వ్యాపారమునకు గిరాకీ తగ్గించు ఉపదేశమును తానే చేసి, 81 యేండ్లు జీవించిన త్యాగధను డాయన. అన్నము మానుమను మన ఉపదేశకులలో అట్టి త్యాగము అరుదు. ఉపన్యాసము ముగియకముందే గానుగనూనె ధరయు, దానిని ఇంటికి చేర్చు ఖర్చును వినవచ్చును.

శనివారము రాత్రి అన్నము మాని, నాలుగు దోసెలు కొబ్బరిచట్నీతో ఆరగించి, దానిని ఉపవాసమని దేవునిచేతనే ఒప్పించిన సంప్రదాయము మనది. ఆ దోసెలో ఎక్కువపాలు బియ్యమేయని దేవు డెరుగడా? ఎరిగియు మొగమాటమున మిన్నకుండెను. రక్తపరీక్ష చేయు యంత్రమునకు ఆ మొగమాటము లేకపోవుటయే నేటి చిక్కు.

కావుననే కొర్రలు రంగప్రవేశము చేసినవి. రాయలసీమలోను తెలంగాణములోను మెట్టరైతు కొర్రన్నము, జొన్నరొట్టె, రాగిసంగటి తిని, వరియన్నమును పండుగనాడు మాత్రమే చూచిన కాలమున, కాలువ క్రింది జిల్లాలవారు ఆ తిండిని బీదతనపు గుర్తుగా నెంచి నవ్విరి. ఇప్పు డవియే సిరిధాన్యములను బిరుదు ధరించి, అద్దాల అంగళ్లలో సన్నబియ్యమును మించిన ధర పలుకుచుండగా, నవ్వినవారి మనుమలే వరుసలో నిలిచి కొనుచున్నారు. కొననిండు; వానిలో పీచు ఎక్కువ, ఖనిజములును ఎక్కువ. కాని నూరు గ్రాముల బియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములైనచో, కొర్రలలో 60కి పైమాట, జొన్నలలో 70 దరిదాపు. "అన్నము ముట్టి ఆరునెలలైనదండీ" అని పలుకుచునే కొర్రన్నమును గోపురముగా పెట్టించుకొని, సాంబారు పోయించుకొని, మారు వడ్డనకు చేయి చాపు మహానుభావునకు ఈ లెక్క చెప్పబోయినచో, ఆయన మన అజ్ఞానమునకు జాలిపడును. మరియొకరు కాలీఫ్లవరును తురిమి, దానితో పులిహోర కలిపించుకొని, బాదంపిండి రొట్టెలు నంజుకొనుచున్నారు. నెలాఖరున కిరాణాచీటీ చూచిన ఇల్లాలికి కలుగు వైరాగ్యము మాత్రము నిక్కమైనది.

ఈ విషయమున అడుగదగిన చోటొకటి మన హైదరాబాదులోనే కలదు; దాని పుట్టుకకు కారణమును బియ్యమే. మరపట్టిన తెల్లబియ్యమునకు మరిగిన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ప్రబలినది. బియ్యపుపొరలోని బి1 విటమిను తవుడుతో పాటు గేదెల పాలగుటచే, గేదెలు పుష్టిగాను యజమానులు కాళ్లు చచ్చియు నుండిరి. ఆ వ్యాధిని విచారించుటకై 1918లో కూనూరున ఒక్క గదిలో మెకారిసన్ అను దొర వైద్యుడు ఆరంభించిన శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతము మించరాదనియు, తక్కిన భాగమును పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, పాలు, గ్రుడ్లు, చేపలు నింపవలెననియు ఆ సంస్థ 2024లో చెప్పినది. మనదేశమున తినుతిండి శక్తిలో 62 శాతము పిండిపదార్థములదేయని 2025లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి సర్వే లెక్కగట్టి, బియ్యము బదులు గోధుమయో చిరుధాన్యమో అంతే పిండి వచ్చునట్లు తినినచో లాభము కానరాదనియు, కొంత పిండి తీసి ఆ స్థానమున పప్పో పాలో పెట్టినచో మధుమేహభయము తగ్గుననియు సూచించినది. ఈ మాట ఎవరికిని రుచింపలేదు. ఇందులో గురువు లేడు, నలుబది దినముల దీక్ష లేదు, రోగము మాయమగునన్న వాగ్దానము లేదు. అన్నిటికి మించి, ఇది ఉచితముగా దొరకును.

నా మట్టుకు, హస్తముతో పెట్టు అన్నమును ఒక వంతుకు తగ్గించి, పప్పుగరిటె పెంచి, తోటకూరనో బీరకాయనో నంజుకొనుటకు గాక భోజనముగా తినువాడే తెలివిగలవాడు. కాఫీలో రెండు చెంచాల చక్కెర, సాయంత్రము బిస్కట్లపొట్లము విడువనివాని అన్నత్యాగము వట్టి నాటకము. ఒక్క విన్నపము మాత్రము వ్యంగ్యము లేకుండ చేయుచున్నాను. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడుచున్నవారు పిండిపదార్థములను ఒక్కసారిగా మానినచో, మందు మునుపటి మోతాదుననే పనిచేయుచుండుటచే రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. కావున అన్నము మానదలచిన మధుమేహులారా, ముందు మీ వైద్యునికి చెప్పి, మందుల మోతాదు సరిచేయించుకొని, ఆ తరువాతనే మానుడు.