ముడత సర్దుకుంటుందనుకున్నాను

బొమ్మ కారు మీది డెకాల్‌ని కాపాడ్డానికని కొట్టిన పారదర్శకమైన క్లియర్ పూతతోనే దాన్ని నాశనం చేసుకున్నవాణ్ణి నేను. తెలియక చేశానంటే కొంత నయంగా ఉండేది. అన్నీ తెలుసనే ధైర్యంతో చేశాను.

ఆ కారు 1978 నాటి లోటస్ 79, ఇరవయ్యో వంతు కిట్. కాలిన్ చాప్‌మన్ జట్టు కారు అడుగు భాగాన్నే రెక్కలా మలిచి, గాలితో కారును నేలకు అదిమిపెట్టిన కాలమది. మారియో ఆండ్రెట్టి దాన్ని బెల్జియంలోని జోల్డర్‌లో మొదటిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుకు దించి గెలిచాడు. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ కూడా అతనే. నేను కట్టదలచుకున్నది మాత్రం అతని అయిదో నంబరు కారు కాదు, రోనీ పీటర్సన్ ఆరో నంబరు కారు. జట్టులో రెండో స్థానానికి ఒప్పుకుని, ఆండ్రెట్టి వెనకాలే నమ్మకంగా నడిపినవాడు పీటర్సన్. అదే సీజన్‌లో మోంజాలో జరిగిన ప్రమాదం తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. అతని కారు నా బీరువాలో ఉండాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉంది.

నల్లటి ఒంటి మీద సన్నటి బంగారు గీతలు ఆ కారు అందం. అవి జాన్ ప్లేయర్ స్పెషల్ అనే సిగరెట్ పెట్టె రంగులు. పొగాకు ప్రకటనల మీద ఆంక్షలు పెరిగాక చాలా కిట్లలో ఆ పేర్లు అచ్చు వేయడం మానేశారు. నా దగ్గరున్నది మా బావ ఇచ్చిన పాత పెట్టె. అందులోని డెకాల్ షీటులో అక్షరాలన్నీ ఉన్నాయి. పోతే మళ్ళీ దొరకనిది.

డెకాల్ అంటే పైకి కనిపించే రంగు ఒక్కటే కాదు. కాగితం మీద నీళ్ళలో కరిగే జిగురు, దాని మీద కంటికి ఆనని పారదర్శకమైన పొర, ఆ పొర మీద అచ్చు. నీళ్ళలో ముంచితే జిగురు కరిగి, పొర అచ్చుతో సహా జారి కారు మీదికి వస్తుంది. కింద ఉపరితలం గరుకుగా ఉంటే పొర కింద గాలి చిక్కుకుని వెండిలా తెల్లగా మెరుస్తుంది. నలుపు మీద ఆ లోపం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు నున్నగా మెరిసే కోటింగ్ వేసి, దాని మీద డెకాల్ అతికిస్తారు. ఇదంతా నేను సరిగ్గానే చేశాను. పట్టకారుతో ఒక్కో గీతనూ పెట్టి, దూది పుల్లతో నీళ్ళు అద్ది, వంపులున్న చోట డెకాల్‌ని మెత్తబరిచే ద్రావణం రాశాను.

ఆ ద్రావణం రాసినప్పుడు డెకాల్ పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. కొత్తవాళ్ళు భయపడి వేలితో సర్దబోయి చింపేస్తారు. ముట్టుకోకుండా వదిలేస్తే ఆరేకొద్దీ దానంతటదే బిగుసుకుని, రంగు వేసినట్టే ఒంటికి అంటుకుపోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. నా కొంప ముంచింది ఈ తెలివే.

బావ విశాఖ వస్తున్నానని కబురు చేశాడు. ఆయన ఇచ్చిన కారు ఆయనకే చూపించాలన్న ఉబలాటం నాది. బయట వాన. డెకాళ్ళ కింద తడి పూర్తిగా ఆరలేదు. అయినా లక్కర్ క్లియర్ స్ప్రే డబ్బా తీసుకుని, పాత డెకాళ్ళు కదా, గట్టి కవచం ఉండాలని ఒకేసారి తడి కారేలా కొట్టాను. కాసేపటికి ఆరో నంబరు చుట్టూ ముడతలు లేచాయి. మెత్తబరిచే ద్రావణం రాసినప్పుడు కూడా ఇలాగే లేచి సర్దుకున్నాయి కదా అని, అవి సర్దుకోవడానికి ఇంకో కోటింగ్ కొట్టాను. అంతటితో బంగారు గీత నెర్రెలు విచ్చింది. తేమకు క్లియర్ కూడా అక్కడక్కడా పాలిపోయింది.

రెండు ముడతలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కారణాలు మాత్రం వేరు. మెత్తబరిచే ద్రావణం సన్నటి పూతగా పొరను మెత్తబరిచి ఆవిరైపోతుంది. లక్కర్‌లోని ఘాటైన ద్రావకం దట్టంగా పడితే పొర మీదే నిలబడి దాన్ని కరిగిస్తుంది, పైన క్లియర్ తోలు కట్టేసరికి ఆ ద్రావకం లోపల చిక్కుకుపోతుంది. నేను రెండో కోటింగ్‌తో దానికి మరింత ద్రావకం పోశాను. తేమ సంగతీ అంతే. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద వాలి తెల్లని మసక కడుతుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, వానలో క్లియర్ కొట్టకూడదని నాకు ఇంకొకరు చెప్పాలా?

మా వీధి చివర కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డు ఉంది. అక్కడి పెయింటర్‌కి ఆ కారు చూపించాను. చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ముందు దుమ్ము పట్టినట్టు కొట్టాలి సార్. అది అంటీ అంటనట్టు ఆరాక ఇంకోసారి అలాగే. తడి కోటింగ్ చివర్లో. మీరు చివరిది ముందు కొట్టేశారు" అన్నాడు. పెద్ద కార్ల మీద బతికే మనిషికి ఒక్క చూపులో తెలిసినది, ఎన్నో ఏళ్ళుగా చిన్న కార్లు కడుతున్న నాకు తెలియలేదు. ఆయన మాటకు కారణం కూడా ఉంది: సన్నటి తుంపర ద్రావకం డెకాల్‌ని కొరికేలోపే ఆరిపోతుంది. అలా రెండు మూడు పొరలు పడ్డాక అచ్చుకీ తడి కోటింగ్‌కీ మధ్య ఒక గోడ లేస్తుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. చెడిపోయిన ముడతలను 2000 నంబరు వాటర్ పేపర్‌తో నున్నగా చేయబోయాను. అంచుల దగ్గర క్లియర్ ఎప్పుడూ పలచగానే నిలుస్తుంది. నాలుగు రాపిళ్ళకే అక్కడున్న బంగారం కాగితం మీదికి వచ్చేసింది. అప్పుడైనా ఆపవలసింది. రెండో వైపు కూడా రుద్దాను.

బావ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు, అడిగితే బాగుందన్నాడు. ఆయన ఆ పెట్టెను పాడవకుండా ఎంత జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడో నాకు తెలుసు కనుక ఆ మాట ఈనాటికీ కష్టంగానే ఉంది.

మీరు ఈ పని చేసేవాళ్ళయితే ఒక్క మాట వినండి. ప్రతి షీటులోనూ వాడని ముక్కలు కొన్ని మిగులుతాయి, వేరే కారు నంబరో, కంపెనీ గుర్తో. వాటిని పారేయకండి. ఒక ప్లాస్టిక్ చెంచాకు అదే రంగు వేసి, ఆ ముక్క అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చి, మీరు వాడబోయే డబ్బాతోనే దాని మీద క్లియర్ కొట్టి చూడండి. నా షీటులో అయిదో నంబరు మిగిలే ఉంది.