అరగంటలో ఊరంతా!

లండన్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్‌లో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. అక్కడి జెయింట్ వీల్ గాజు పెట్టెలో నిలబడ్డ మనిషి, వెనక పార్లమెంటు, పక్కన ఎవరిదో మోచెయ్యి. "లండన్ మొత్తం చూసేశాం" అంటారు. 135 మీటర్ల ఎత్తు నుంచి, అరగంటలో! లండన్‌లోనే పుట్టి పెరిగి ముసలివాళ్లైనవాళ్లు కూడా ఈ మాట అనలేరు పాపం.

ఆ ఊళ్లోనే ఉన్న ప్రింరోజ్ హిల్ అనే గుట్ట ఎక్కినా ఇదే లండన్ కనిపిస్తుంది, పైసా ఖర్చు లేకుండా. గడ్డిమీద కాళ్లు చాపుకోవచ్చు, టైమైంది దిగమనేవాడు ఉండడు. అదే దాని లోపం. ఉచితంగా చూసొచ్చిన దృశ్యం గురించి నలుగురిలో ఏమని చెప్పుకుంటాం?

మన నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ తిప్పేవాడిది నిజాయితీ గల వ్యాపారం. హైదరాబాద్ చూపిస్తానని వాడు ఎన్నడూ అనలేదు. పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో పేగులు గొంతుకి అడ్డం పడాలి, పక్కనున్న మరదలు కెవ్వుమనాలి. డబ్బులు దానికే తీసుకుంటాడు, అదే ఇస్తాడు. లండన్ చక్రం సెకనుకు దాదాపు పాతిక సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. కెవ్వుమనడానికి టికెట్ ధర తప్ప వేరే కారణం దొరకదు.

అసలు ఈ చక్రాలు ఊరు చూపించడానికి పుట్టలేదు, పక్క ఊరిని ఏడిపించడానికి పుట్టాయి. 1889లో పారిస్ ఐఫిల్ టవర్ లేపింది. నాలుగేళ్లకు ప్రపంచ ప్రదర్శన పెట్టుకున్న షికాగోకి నిద్ర పట్టలేదు. జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. టికెట్ 50 సెంట్లు. మొత్తం ప్రదర్శన చూడడానికీ అంతే! ఫెర్రిస్ 37 ఏళ్లకే టైఫాయిడ్‌తో పోయాడు, చక్రాన్ని 1906లో డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఊళ్ల పోటీ రోగం మాత్రం పోలేదు.

సింగపూర్ 2008లో 165 మీటర్లు కట్టింది. 2014లో లాస్‌వేగాస్ దానిమీద రెండున్నర మీటర్లు పైకి పోయింది. ఆ రెండున్నర మీటర్లలో అదనంగా కనిపించిన ఎడారి ఎంతో ఎవరైనా కొలిచి చెబితే బాగుండును. కట్టినవాళ్లకి సంగతి తెలిసినట్టే ఉంది, కొన్ని పెట్టెల్లో బార్ పెట్టారు.

తర్వాత దుబాయ్: 250 మీటర్లు. అదే ఊళ్లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఉండగా ఊరు చూడడానికి ఇదెందుకని అడగకూడదు; బుర్జ్ తిరగదు కదా! 2021 అక్టోబరులో తెరిచారు, 2022 మార్చిలో మూశారు, మళ్లీ తిరగడానికి 2024 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అంతకాలం ప్రపంచంలోకెల్లా పెద్ద చక్రం ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మగా నిలబడింది. బెర్లిన్‌లో అదీ లేదు. అక్కడ చక్రం లేవకముందే మదుపుదారుల డబ్బు లేచిపోయింది.

నాకు మాత్రం సింగపూర్ చక్రమే ఆప్తబంధువు. అది తిరిగే దిక్కు మంచిది కాదని, ఊరి అదృష్టాన్ని బయటికి తోడేస్తోందని ఫెంగ్‌షుయ్ పండితులు తేల్చారు. నిర్వాహకులు కొన్ని నెలల్లోనే ఖర్చు పెట్టి మరీ అంత చక్రాన్నీ ఎదురు తిప్పారు. వంటగది ఆగ్నేయంలో లేదని గోడలు పగలగొట్టే మనవాళ్లు అక్కడికి పోయి ఆప్యాయంగా కన్నీళ్లు పెట్టుకోవాలి. దిక్కులన్నీ సరిపోయాక, అదే 2008 డిసెంబరు 23న కంట్రోల్ రూమ్‌లో మంట లేచి కరెంటు పోయింది. 173 మంది పైనే ఇరుక్కున్నారు. కొందర్ని తాళ్లతో దించారు. మిగతావాళ్లు దాదాపు ఆరు గంటలు ఊరు చూశారు, అదనపు రుసుము లేకుండా.