మా ఇంటి పిల్లేనండీ!

సంక్రాంతికి ఊరెళ్ళిన కుటుంబాలు విజయవాడ హైవే మీదుగా తిరిగొచ్చి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగేటప్పుడు సామాన్లు చూడండి. బియ్యం మూట, సకినాల డబ్బా, నెయ్యి సీసా, వీటన్నిటి వెనక ఓ పదకొండేళ్ళ పిల్ల. ఆ మూటల్లో బరువైనది మోసేది కూడా ఆ పిల్లే. వాచ్‌మన్ అడిగితే "మా ఇంటి పిల్లేనయ్యా" అంటారు. ఎదురు ఫ్లాటావిడకి ఇంకాస్త వివరంగా చెబుతారు: "ఛఛ, పనిపిల్ల కాదండీ! వాళ్ళ నాయన బతిమాలాడు. అక్కడుంటే ఏం తింటుంది, ఏం చదువుతుంది పాపం. మా పాపతో పాటే పెరుగుతుందిలే అని తెచ్చుకున్నాం."

పాపతో పాటు ఎలా పెరుగుతోందో తెలియాలంటే పొద్దున ఏడున్నరకి అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడాలి. పాప ఉత్త చేతులతో దిగుతుంది. పుస్తకాల సంచి, నీళ్ళ సీసా, లంచ్ బ్యాగు పిల్ల భుజాన ఉంటాయి. స్కూలు బస్సు మెట్టు దగ్గర సంచీ భుజం మారుతుంది. పాప బడికి, పిల్ల అంట్లకి. ఇద్దరిదీ ఒకే ఈడు. పిల్ల ఒంటిమీది గౌను నిరుడు పాప తొడిగిందే. సమానత్వం అక్కడిదాకా వచ్చి ఆగింది. చదువు మాటేమిటంటారా? "పాపకి తీరికైనప్పుడు అక్షరాలు దిద్దిస్తుందండీ." పాపకి ట్యూషను, డ్యాన్సు, అబాకస్. తీరిక ఎప్పుడో మీరే లెక్కేసుకోండి.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషేధం. 2016 సవరణ ఆ వయసువాళ్ళని ఏ పనిలోనూ పెట్టుకోవద్దంది. తప్పితే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. కోర్టు దూరమనుకునేరు, రంగారెడ్డి జిల్లా కోర్టులున్నది ఎల్‌బీ నగర్‌లోనే. ఆ కోర్టుకి ఇస్త్రీ కోటు వేసుకుని వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో కోటు ఇస్త్రీ చేసిందెవరో నేనడగను.

అయితే ఆ సవరణే ఓ సందు కూడా వదిలింది. ప్రమాదకరం కాని పనుల్లో, బడి అయ్యాకో సెలవుల్లోనో పిల్లలు సొంత కుటుంబానికి సాయపడొచ్చట. కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు, తల్లి తోడబుట్టినవాళ్ళు, తండ్రి తోడబుట్టినవాళ్ళు కూడా. ఇంకేం, అధికారి కాలింగ్ బెల్ కొట్టగానే ఓనరమ్మ పిన్నయిపోతుంది, సారు బాబాయవుతాడు. పాఠం సరిగ్గా వల్లెవేయని పిల్ల మాత్రం ఆ అధికారి ముందే "మేడమ్, టీ పెట్టమంటారా?" అంటుంది. నిజం పిన్నే అయినా చట్టం అడిగేది బడి అయ్యాక సంగతి. ఈ పిల్లకి అసలు బడేదీ?

"ఆధార్‌లో పద్నాలుగు దాటిందండీ" అన్నది రెండో మంత్రం. 2015 నాటి బాల న్యాయ చట్టానికి పద్దెనిమిది నిండేదాకా అందరూ పిల్లలే. వాళ్ళని పనిలో కట్టిపడేసినా, వాళ్ళ సంపాదన వాళ్ళకి ఇవ్వకుండా ఆపినా 79వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష జరిమానా. "జీతం చేతికివ్వం, మా దగ్గరే దాస్తున్నాం" అని కిట్టీ పార్టీలో గొప్పగా చెప్పే అమ్మగారు నేరం తన నోటితోనే ఒప్పుకుంటోందన్నమాట. పాపం, ఎవరూ రాసుకోరు.

పోలీసులు రారా అంటే, వస్తారు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్. హోటళ్ళు, ఇటుక బట్టీలు, సిగ్నళ్ళ దగ్గర వెతుకుతారు. మూడో అంతస్తు వంటింట్లో ఉన్న పిల్ల రోడ్డు మీదికి కనబడదు. ఆ రెండు నెలలూ జాగ్రత్తపరులు పిల్లని బాల్కనీలోకి కూడా రానివ్వరు.

పేదోళ్ళ పిల్లలకి చదువెక్కడ అబ్బుతుందనే పెద్దమనుషులకి ఇదే రంగారెడ్డి జిల్లా ఎప్పుడో జవాబు చెప్పింది. 1990ల మొదట్లో ఎం.వి. ఫౌండేషన్ ఇక్కడి పల్లెల్లో వెట్టి పిల్లల్ని బడికి పంపడం మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ళ సూత్రం. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. తమ బిడ్డ బడికెళ్తుందంటే ఆ తల్లిదండ్రులు కూలికి ఇంకో పూట ఎక్కువ వెళ్ళారే గాని వద్దనలేదు. పట్నం తీసుకెళ్ళి చదివిస్తామన్న మన దయామయులేమో ఈ పిల్లకి చీపురు ఇచ్చారు.

సరే, వాదన ఎందుకు, ఇంటి పిల్లే అని నమ్ముదాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా 1985 నుంచే ఉంది, ఎన్టీఆర్ పుణ్యాన. రేపే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి ఈ ఇంటి పిల్ల పేర కూడా ఓ వాటా రాయించండి. "భలేవారే, పరాయి పిల్లకి వాటా ఏంటండీ!" అంటారా? ఒప్పుకున్నారు, చాలు. ఆ మాటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి. డబ్బులు కూడా పడవు. మీకు నోరు రాకపోతే, పార్కింగ్ గీత మీద వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా కొట్లాడే ఎదురు ఫ్లాటువాళ్ళయినా చెప్పాలి.