పేరు తెచ్చుకున్న ఊళ్లు

పారిశ్రామిక పట్టణం పేరు తెచ్చుకునే మార్గాలు రెండు. తరాలపాటు చెమటోడ్చడం మొదటిది. అలా చెమటోడ్చిన మరో దేశపు ఊరి పేరును ఎత్తుకొచ్చి బోర్డు మీద రాసుకోవడం రెండోది. ఖర్చు తక్కువ కాబట్టి అమెరికాలో రెండోదానికి గిరాకీ బాగా ఉండేది.

న్యూహాంప్‌షైర్‌లోని డెర్రీఫీల్డ్ 1810లో మాంచెస్టర్ అయింది. ఈ ఊరు అమెరికా మాంచెస్టర్ అవుతుందని, జలపాతం పక్కన కాలువ తవ్వించిన శామ్యూల్ బ్లాడ్జెట్ జోస్యం చెప్పాడు. అది ఫలించింది కూడా. అమాస్కెగ్ కంపెనీ బట్టల మిల్లులు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో చేరాయి. 1935లో మూతపడ్డాయి. అప్పటికి ఇంగ్లండులోని అసలు మాంచెస్టర్ నూలు వ్యాపారమూ దిగజారుతూనే ఉంది. పేరుతోపాటు జాతకం కూడా దిగుమతి అవుతుందని జోస్యంలో లేదు.

మిషిగన్‌లో ఒక ఊరు 1832లో ఇదే ఆశతో బర్మింగ్‌హామ్ అని పెట్టుకుంది. కొలిములు రాలేదు. డెట్రాయిట్ సంపన్నులు వచ్చి మేడలు కట్టుకున్నారు.

అలబామా బర్మింగ్‌హామ్ 1871లో రైలు మార్గాల కూడలిలో పుట్టింది. నిజానికి అదొక స్థలాల కంపెనీ వేసిన వెంచర్. ఊరు లేవకముందే పేరు సిద్ధం. రెండేళ్లకే కలరా, ఆర్థిక సంక్షోభం కలిసి వచ్చి పడ్డాయి. చివరికి ఊరిని నిలబెట్టింది చుట్టుపక్కలే దొరికిన ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి. ఖ్యాతిలో వాటా మాత్రం పేరుకూ దక్కింది. అసలు బర్మింగ్‌హామ్ బొత్తాలు, పెన్ను పాళీలు, తుపాకులు చేసే చిన్న చిన్న కార్ఖానాల ఊరు. అలబామాది భారీ కొలిముల ఊరు. వాటికి కావలసిన బొగ్గులో కొంత ప్రభుత్వం అద్దెకిచ్చిన ఖైదీలు, అందులో అత్యధికులు నల్లజాతివారు, 1928 దాకా తవ్వారు. ఈ సంగతి ఏ పేరులోనూ ఇమడదు.

అరువిచ్చినవారికైనా తమ సొత్తు గుర్తుందా అంటే అదీ లేదు. చెత్త వేరుచేయడంలో సహకరించిన ప్రజలకు కృతజ్ఞతలు చెబుతూ ఇంగ్లండు బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2008లో 7,20,000 కరపత్రాలు వేయించింది. వాటి మీద అచ్చయిన నగర దృశ్యం అలబామాది.

పేరులోనే మహిమ ఉందనేవారికి దక్షిణాఫ్రికా న్యూకాసిల్ ఒక్కటే దిక్కు. 1864లో దానికి పేరు వచ్చింది ఇంగ్లండులోని బొగ్గుల ఊరు న్యూకాసిల్ నుంచి కాదు, న్యూకాసిల్ డ్యూక్ అనే బ్రిటిష్ మంత్రి నుంచి. అయినా తర్వాత అక్కడ బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారం వెలిశాయి.

పేరు మార్చుకునే ఓపిక లేనివారికి బిరుదులున్నాయి. ఫిన్లాండుకు టాంపెరె, పోలండుకు వుడ్జ్ మాంచెస్టర్లు. భారతదేశానికి అహ్మదాబాద్ ఉండగా కోయంబత్తూరు కూడా పోటీకొచ్చింది. అందుకని దానికి దక్షిణ దిక్కు రాసిచ్చారు. తాను ఇంగ్లండు అహ్మదాబాద్‌నని మాంచెస్టర్ చెప్పుకున్న దాఖలా మాత్రం లేదు. 1980లలో అహ్మదాబాద్ మిల్లులు వరసగా మూతపడ్డాయి. పోటీ పరీక్షల పుస్తకాల్లో అవి ఇప్పటికీ మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి.